ఎరువు తెచ్చిన వాచీ

జడ్జి ముందు తమ్ముడు బికారిలా కనపడకూడదని అక్క తన మొగుడి బంగారు రంగు వాచీ అడిగి తెచ్చి, వాడి చేతికి తొడిగింది. ప్రభుత్వం వాడికిచ్చిన లాయరు కోర్టు వరండాలో ఆ వాచీ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఏంటమ్మా ఇది! ఫీజు కట్టుకోలేడనేగా నన్నిచ్చారు? జడ్జిగారు చూస్తే నన్ను మాన్పించి, సొంత లాయర్ని పెట్టుకోమంటారు. ముందు తీసెయ్యండి!”

ఎరువుల సొమ్ము బరువుల చేటని ఊరికే అన్నారా! ఆమె గబగబా విప్పబోయింది. వాచీ కొక్కెం బిగుసుకుపోయింది. ఇంతలో లోపలినుంచి పిలుపొచ్చింది.

“చెయ్యి జేబులో పెట్టుకో నాయనా” అంది అక్క.

వాడు అలాగే బోనెక్కాడు. ఆమె గుమ్మంలో నిలబడింది.

జడ్జిగారు తలెత్తారు. “కోర్టులో జేబులో చెయ్యేంటయ్యా? బయటికి తియ్యి.”