లైసెన్సు బాధ్యురాలు

తమ్ముడు కాచిన బీరుకు వంక పెట్టినవాళ్ళు లేరు. వంకల్లా తమ్ముడి పేరుకే ఉంది. కుర్రతనంలో ఇంటి వెనక షెడ్డులో లైసెన్సు లేకుండా బీరు కాచి అమ్మి, పట్టుబడి కోర్టు మెట్లెక్కాడు. అలాంటి కేసు పడ్డవాడికి కొన్నేళ్ళ దాకా లైసెన్సు ఇవ్వరు. మరదలిది సర్కారు బడిలో ఉద్యోగం కాబట్టి ఆమె పేరూ పనికిరాదు. ఇక ఇంట్లో మచ్చలేని పేరు అక్కది ఒక్కటే మిగిలింది.

"పేరు నీది, పని నాది. పరీక్ష ఒకటి రాసి సంతకం పెట్టు, చాలక్కా," అన్నాడు తమ్ముడు.

అక్క అప్పటిదాకా ఊరూరా తిరుగుతూ కుట్టుమిషన్లు బాగుచేసేది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఏ ఊరెళ్ళినా ఎవరో ఒక దర్జీ ఇంట్లో పడుకోవడానికింత చోటు, బోలెడన్ని కబుర్లు. అమ్మ పోయాక తన చేతులమీదుగా పెరిగిన తమ్ముడు అడిగేసరికి కాదనలేకపోయింది. బార్లీ ఎలా మొలకెత్తించాలో, ట్యాంకుల మధ్య ఎంత ఎడం ఉండాలో, కడిగిన నీళ్ళు ఎటు పోవాలో అన్నీ చదివి పరీక్ష పాసైంది.

చదివేటప్పుడు పెద్దగా పట్టించుకోని నిబంధన ఒకటి, లైసెన్సు చేతికొచ్చాక మెడకు చుట్టుకుంది. ట్యాంకులో బీరు పులుస్తున్నంతకాలం లైసెన్సు బాధ్యులు ఆ ఆవరణ దాటకూడదు. తనిఖీవాళ్ళు ఎప్పుడైనా వస్తారు. వచ్చేసరికి మనిషి కనబడకపోతే ట్యాంకులకు సీలే. పోనీ ట్యాంకులు ఖాళీగా ఉండేదెప్పుడు? ఒకటి దించేలోపే పక్కది నిండేది.

ట్యాంకుల గదికి సరిగ్గా పైన అక్క గది. దానికున్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క గోడౌను గోడ. కింద పంపు ఆడుతుంటే మంచం కాళ్ళు సన్నగా వణికేవి. తలగడ ఎన్నిసార్లు ఎండేసినా పులిసిన వాసనే. వేళకు భోజనం మాత్రం పైకే వచ్చేది. బయటివాళ్ళెవరైనా వస్తే తమ్ముడు గర్వంగా చూపించేవాడు.

"మా అక్కండీ. మా ఇంటికి స్తంభం."

"అవును మరి, స్తంభం కదల్దు కదా," అనేది అక్క. అందరూ నవ్వేవాళ్ళు.

ఒకసారి పాత స్నేహితురాలు, దర్జీ పని చేసే ఆవిడ, మంచాన పడి చూడాలని ఉందని కబురు పంపింది. "ఈ ట్యాంకు దించగానే వెళ్దువుగాని అక్కా," అన్నాడు తమ్ముడు. దించే రోజుకి రెండోది నిండింది. అది దిగేలోపు ఆవిడే పోయింది. అక్క ఆ రోజంతా మంచం మీద కూర్చుని గోడౌను గోడను చూస్తూ ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు కొత్త ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. జలుబు చేసి ముక్కు చీదుకుంటూ ట్యాంకులన్నీ చూశాడు. అంతా సవ్యంగా ఉందని తేల్చి, వెళ్ళబోతూ అడిగాడు.

"లైసెన్సు మీ తమ్ముడుగారి పేరు మీదకి ఎప్పుడు మారుస్తున్నారమ్మా?"

"వాడికింకా గడువుంది కదండీ."

"ఇంకెక్కడి గడువమ్మా! అది తీరి రెండేళ్ళు కావస్తోంది. అప్పట్లోనే ఆఫీసుకొచ్చి కనుక్కున్నారట. మీకు చెప్పలేదా?"

పక్కనే ఉన్న తమ్ముడు, బిగించి ఉన్న కుళాయినే మళ్ళీ బిగించసాగాడు. ఇన్‌స్పెక్టరు పరిస్థితి పసిగట్టి గబగబా జారుకున్నాడు. మరదలు తెల్లబోయి, "నాకూ తెలీదు వదినా, ఒట్టు," అంది.

"నేనిక్కడ కూర్చుండిపోతే బయట తిరిగి ఆర్డర్లెవరు తెస్తారక్కా?" అన్నాడు తమ్ముడు చివరికి. "అయినా నీకిక్కడ బాగానే ఉందనుకున్నా. కడుపులో చల్ల కదలకుండా..."

"చల్లేమిట్రా, మనిషే కదల్లేదు."

మళ్ళీ తనే అడిగింది. "నా స్నేహితురాలు కబురంపినప్పటికి నీకు తెలుసా?"

తమ్ముడు తల ఎత్తలేదు. అక్క ఇంకేమీ అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు మామూలుగానే నీళ్ళు కాగబెట్టి, బార్లీ బస్తాలు విప్పి, కొత్త కాపు కాగితం పట్టుకొచ్చాడు తమ్ముడు. అక్క సంతకం లేకుండా ఒక్క చెంబుడు కూడా కాయడానికి వీల్లేదు.

"పెట్టను," అంది.

"పొయ్యి వెలిగించేశానక్కా!"

"ఆర్పెయ్. ఉన్న సరుకు చెల్లేదాకా ఇక్కడే ఉంటా, అది నా బాధ్యత. కొత్తది నీ పేరుతో కాచుకో."

బతిమాలాడు, కేకలేశాడు, చివరికి మాటలు మానేశాడు. ట్యాంకులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పంపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అక్కకు నిద్ర పట్టేది కాదు. మరదలు మాత్రం రోజూ తనే భోజనం తెచ్చి, తిన్నంతసేపూ పక్కన కూర్చునేది.

తమ్ముడు పరీక్ష రాశాడు. వాసన చూసి బీరు వయసు చెప్పగలిగినవాడు కడుగునీళ్ళ కాలువల ప్రశ్న దగ్గర బోల్తాపడ్డాడు. మళ్ళీ కట్టాడు. ఈలోగా చివరి ట్యాంకూ ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, అక్క లైసెన్సు రద్దు చేసి సీలు వేశాడు. అక్క తాళంచెవి మరదలి చేతిలో పెట్టి, నాలుగు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుంది.

పక్క ఊరిలో పని దొరికిందని ఆ వారమే బస్సెక్కింది. బస్సు కదిలేసరికి పాత భయం పట్టుకుంది. ఇప్పుడు తనిఖీకి వస్తే? మనిషేదని అడిగితే? ట్యాంకుల్లో చుక్క లేదనీ, తన పేరు ఇక ఎక్కడా లేదనీ తెలుసు. తెలిసీ ఆపమని అరిచి దిగిపోయింది. అద్దె గదిదాకా నడిచొచ్చి తలుపేసుకుంది. చాలాసేపు తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి వెతికి వెతికి కిటికీ పక్క సీటులో కూర్చుంది. దిగాలంటే, ఒళ్ళో పెద్ద మూట పెట్టుకుని అప్పుడే గురకపెడుతున్న పక్కావిడను లేపాలి. బస్సు కదిలింది. అక్క ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఆవిడను లేపకుండా కూర్చుంది.