బస్సుకు గవాచి

బస్సు నెత్తిన కంత పెట్టమని నన్ను అడిగిన మొదటి మనిషి తిమ్మారెడ్డి. అడక్కుండా ఉంటే నా మానాన నేను సుఖంగా ఉండేవాడిని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కచేరీలు గుడారాల్లో నడిచేవి, అద్దె ఇళ్ళు దొరక్క గుమాస్తాలు ఊరంతా తిరిగేవాళ్ళు. కల్లూరు దారిలో రేకుల కొట్టం వేసుకుని నేను బస్సులకు బాడీలు కట్టేవాడిని. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ మాత్రమే వస్తాయి. వాటి మీద కొయ్యతో గూడు కట్టి, రేకు తొడిగి, సీట్లు బిగించి బస్సు చెయ్యడం మా పని. మాది ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇల్లు. మగ్గం కూడు పెట్టక వడ్రంగంలోకి వచ్చాను. నలభై ఐదేళ్ళకే నడుము పోయింది, ఎండలో రేకు కొట్టీ కొట్టీ భుజాలు పోయాయి. ఆ ఏడు వేసవిలో ఎవరు కొత్త పని చెప్పినా నాకు కోపం వచ్చేది.

తిమ్మారెడ్డికి కర్నూలు నుంచి వెల్దుర్తి మీదుగా డోన్‌కు ఒక బస్సు ఉంది. దాని పాత బాడీ ఊడదీసి నేను కొత్తది కట్టి ఇచ్చిన నెలకే మళ్ళీ వచ్చాడు.

"ప్రేమయ్యా, జనం లోపల ఉడికిపోతాండారప్పా. మన మిద్దెలకు గవాచి ఉంటాది గదా, అట్లాంటిది బస్సుకు పెట్టు. ఇప్పుడు ఆఫీసర్లు గూడ ఎక్కుతాండారు" అన్నాడు.

మా సీమ మట్టిమిద్దెలకు నడినెత్తిన వెలుతురు కోసం వదిలే కంతను గవాచి అంటాం. వాన వస్తే పైన బండ మూస్తాం. మిద్దె మీది నీళ్ళు లోపలికి దిగకుండా కంత చుట్టూ జానెడు కట్ట కడతాం. నేను పుట్టి పెరిగింది గవాచి కిందనే కాబట్టి బస్సుకూ అదే చేశాను. డ్రైవరు వెనక రెండు మూరల కంత కోసి, జరిపి మూసే రేకు మూత పెట్టి, నాలుగు వైపులా జానెడు కొయ్యకట్ట నిలువుగా బిగించాను. మిద్దె కదలకుండా ఉంటుందనీ బస్సు పరిగెత్తుతుందనీ నాకు తట్టలేదు.

మొదటి రోజు నేనూ ఎక్కాను. ఊరు దాటి బస్సు వేగం అందుకోగానే మోత మొదలైంది. దబదబమని చెవుల్లో గుద్దినట్టు ఒకటే అదురుడు. ఆడవాళ్ళు పైట చెంగులు చెవులకు అదుముకున్నారు. ఒక ముసలాయన, "ఎవుడప్పా దీన్ని కట్టింది?" అని నా మొహం మీదే అడిగాడు. మూత మూస్తే ఉడుకు, తెరిస్తే మోత. వెల్దుర్తికి ఇవతల ఒకామె దిగాల్సి ఉంటే కండక్టరు మస్తాన్ ఈల వేశాడు, హోల్డాన్ హోల్డాన్ అని అరిచాడు. బస్సు అర మైలు పోయి గాని ఆగలేదు.

"ఈ మోతలో ఏం వినపడతాదప్పా?" అన్నాడు డ్రైవరు కాశన్న. అందరూ అవునన్నారు. తిట్లన్నీ నాకే వచ్చాయి.

కాశన్న నాకు ఎనిమిదేళ్ళ స్నేహితుడు. యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చి ఈ లైనులో చేరాడు. నేను కొత్తగా కొట్టం వేసినప్పుడు, "వీని చేతిలో పనుండాది రెడ్డీ" అని తిమ్మారెడ్డిని వెంటబెట్టుకుని వచ్చింది ఆయనే. గట్టిగా మాట్లాడతాడు. ఎవరు ఏం చెప్పినా ముందు నవ్వేసి, "అట్లనేలేప్పా" అంటాడు. సంతోషి అనుకునేవాడిని. మోత సంగతి చూస్తానని ఆయనకు చెప్పడానికి పోతే మాత్రం నవ్వలేదు.

"ఉండనీలేప్పా. నువ్వేం తొందరపడాకు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఊరంతా తిడుతుంటే ఉండనీయమంటాడేమిటి ఈయన? తిమ్మారెడ్డి వారం గడువు పెట్టాడు. వారం దాటితే గుంతకల్లు నుంచి ఇంకో మేస్త్రీని పిలిపిస్తానన్నాడు.

గాలి కంటికి కనపడదు. కనపడేట్టు చెయ్యాలంటే నాకు తెలిసింది దారం ఒక్కటే. మూరెడు మూరెడు నూలుపోగులు తెంచి కంత చుట్టూ, టాపు మీదా వరసగా అంటించాను. మూటల మధ్య టాపు మీద బోర్లా పడుకుని డోన్ దాకా పోయాను. కింద రేకు కాలుతోంది, పైన ఎండ కాలుస్తోంది. ఈ వయసులో నాకెందుకు ఈ కర్మ అనుకుంటూనే పోగుల మీద నుంచి కన్ను తిప్పలేదు. టాపు మీద పోగులు బుద్ధిగా వెనక్కి పడుకుని వస్తున్నాయి. ముందు కట్టకు తగలగానే పైకి లేచి, సుడి తిరిగి, తలకిందులుగా కంతలోకి దూకుతున్నాయి. అక్కడి నుంచి వెనక కట్టను కొడుతున్నాయి. తప్పు నాదేనని నా కళ్ళతోనే చూశాను.

కట్టలన్నీ పీకేశాను. ముందు అంచున ఒక్క పలక మాత్రం, వెనక్కి ఏటవాలుగా వాలేట్టు బిగించాను. దబదబ తగ్గింది గాని సన్నగా కూత మొదలైంది. రెండు రోజులు ఆ కూతే నా బుర్రలో తిరిగింది. ఆఖరికి మా నాయన మగ్గం గుర్తొచ్చింది. మగ్గంలో పోగుల్ని విడదీసే దువ్వెన లాంటిది ఉంటుంది, పన్నె అంటాం. అంత దారమూ ఒక్కసారిగా మీద పడకుండా సన్నగా పంచుతుంది. పలక పై అంచుకు అట్లాగే పళ్ళు కోశాను. ఈసారి పోగులు పలక దాటి, కంత మీదుగా ఎగిరి, అవతల టాపు మీద మెత్తగా వాలాయి.

కిందికి దిగి లోపల నిలబడ్డాను. బస్సు మంచి వేగంలో ఉంది, మూత తెరిచే ఉంది, గాలి చల్లగా తగులుతోంది. వెనక సీట్లో చంటిపిల్ల గిలక్కాయ ఆడిస్తుంటే ముందు దాకా వినిపించింది. నా బతుకులో నా సొంత బుర్రతో చేసిన పని అదొక్కటే. చాలా సంతోషం వేసింది. కాశన్న వెనకే నిలబడి అడిగాను.

"ఎట్లుండాది కాశన్నా?"

జవాబు లేదు. మళ్ళీ అడిగాను. రోడ్డు వైపే చూస్తూ వక్క నములుతున్నాడు.

"కాశన్నా, నీ ఇల్లు కాలిపోతాందంటనే!"

మెడ కూడా తిప్పలేదు. అంతలో వెనక నుంచి మస్తాన్ ఈల వేశాడు. ఎవరో దిగాలి. బస్సు ఆగలేదు. ఇంకోసారి వేశాడు. ఆ ఈల నా చెవులు గింగురుమనేట్టు వినిపించింది. మస్తాన్ సీట్ల మధ్య ఉరికి వచ్చి కాశన్న భుజం తట్టాడు. అప్పుడు ఆగింది. దిగినాయన తిట్టుకుంటూ పోయాడు. మస్తాన్ నా మొహం చూసి తల దించుకున్నాడు.

"ఇన్ని దినాలు మోత మీద పెట్టి నెట్టుకొస్తిమి. ఇంగ ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు మేస్త్రీ" అన్నాడు.

డోన్‌లో బస్సు నీడన కాశన్నను కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎప్పటి నుంచి అని అడిగాను. నా నోటి వైపే చూసి చెప్పాడు.

"రెండేండ్లాయె. మొదట పిట్టల కూత పోయింది. మళ్ళ ఆడోళ్ళ మాట. ఇప్పుడు మొఖం చూస్తే సగం తెలుస్తాది. పాత బాడీలో మస్తాన్ రేకు మీద గుద్దితే నా సీటు అదిరేది. అదే నాకు చెవి. నువ్వు కట్టిన కొత్త బాడీ రాయి మాదిరి ఉండాది, అదరనే అదరదు. పైగా రెడ్డి కొత్త రేకు మీద చెయ్యి ఎయ్యొద్దని ఈల తెచ్చిచ్చె. గవాచి పెట్టేదాక మస్తానే ఉరికొచ్చి భుజం తడతాండె."

గట్టిగా కట్టానని నెల రోజులుగా మురిసిపోయిన బాడీ అది.

"రేపు రెడ్డి బస్సెక్కి చూస్తాడు. ఆ పలక తీసెయ్ ప్రేమయ్యా. ఈ ఎండాకాలం ఒక్కటి గడవనీ" అన్నాడు.

"లోపల జనం ఉంటారు గదప్పా."

"పదహారేండ్లు తోలినా. ఒక కోడిని గూడ తొక్కలే. సీటు దిగితే నేనెవుర్ని? చెవిటోడు. అంతే గదా?"

కాదని చెప్పి ఉండాల్సింది. స్నేహం కొంత, ఆయన చేసిన మేలు కొంత. అంతకన్నా ఎక్కువగా, కాదని వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అదే. కర్నూలు చేరాక పలక విప్పి కొట్టం మూలన పెట్టాను.

మర్నాడు తిమ్మారెడ్డి వెల్దుర్తి దాకా పోయి, చెవులు మూసుకుని తిరిగి వచ్చాడు.

"నీ చేత కాదంటే ముందే చెప్పల్ల ప్రేమయ్యా. గుంతకల్లు మేస్త్రీ వచ్చేదాక ఇట్లే నడవనీ" అన్నాడు. తల వంచుకుని నిలబడ్డాను. పళ్ళు కోసిన పలక ఆయన వెనకే గోడకు ఆనించి ఉంది.

నాలుగో నాటి మధ్యాహ్నం బస్సు మా కొట్టం ముందు ఆగింది. డోన్ పోయి వచ్చిన బస్సు, జనం అందరూ దిగిపోయారు. కాశన్న దిగి నేరుగా మూలకు పోయి పలక చేతిలోకి తీసుకున్నాడు.

"బిగించు" అన్నాడు.

ఏమైందని అడిగాను. కొట్టంలో పడి ఉన్న ఎడ్లబండి నొగ మీద కూర్చుని చెప్పాడు. హులిగెమ్మ అని చేనికి పోయే మనిషి, వెనక తలుపు దగ్గర నిలబడి ఉందట. గుంతలో బస్సు ఎగిరేసరికి తలుపు గడి ఊడి, ఆమె కాలు జారి బయటికి పోయింది. కడ్డీ పట్టుకుని వేలాడింది. బస్సంతా లేచి అరిచారు. మస్తాన్ ఒక చేత్తో ఆమె రెట్ట పట్టుకుని రెండో చేత్తో రేకు మీద గుద్దాడు. ఈయన తోలుతూనే ఉన్నాడు. ముందు సీటాయన వచ్చి భుజం పట్టి గుంజే దాకా ఆమె కాళ్ళు రోడ్డు మీద ఈడ్చుకుంటూనే వచ్చాయి. మడమల దగ్గర చర్మం లేచిపోయింది. ప్రాణానికి ఏమీ కాలేదు.

"నేను దిగి పోయి ఆమె కాడ కూలబడితి. ఆమె ఏమన్నెదో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నా మొఖానికి ఎదురుగా, నాకు బాగా తెలిసేట్టు అన్నెది. నీదేం తప్పుందిలే నాయనా, ఆ మోతలో ఎవురికి వినపడతాది అన్నెది. అందరూ అదే అన్రి. నా చేతికి నీళ్ళిచ్చిరి, నన్నే ఓదార్చిరి." కాశన్న పలకను ఒళ్ళో పెట్టుకున్నాడు. "తిట్టింటే తోలుతాంటినేమో ప్రేమయ్యా."

ఆమె కాళ్ళకు తగిలిన దెబ్బలో సగం పాపం నాది. ఆ మాట ఆయనకు చెప్పాలని నోరు తెరిచాను గాని ఆయన నా వైపు చూడలేదు. చూడని మనిషికి చెప్పినా వినపడదు. పలక తీసుకుని టాపు ఎక్కాను. కింద నుంచి ఆయన ఒక్కొక్క మేకూ అందించాడు. బిగించడం అయ్యాక స్టీరింగు మీద ఒకసారి చెయ్యి పెట్టి, బస్సు తాళంచెవి జేబులో వేసుకుని, తిమ్మారెడ్డి ఇంటికి నడిచి పోయాడు. బస్సు తోలుకుని పోలేదు.

తిమ్మారెడ్డి ఆయన్ని ఏమీ అనలేదట. చేను కాపలా చూసుకోమన్నాడట. "రాత్రి పూట దొంగ వస్తే నాకెట్ల వినపడతాది రెడ్డీ?" అని కాశన్నే వద్దని వచ్చాడు.

ఇప్పుడు నా కొట్టంలో ఉప్పు కాగితం పట్టి కొయ్య నునుపు చేస్తాడు. నేను కష్టపడి నేర్పింది ఏమీ లేదు, ఆయనే నేర్చుకున్నాడు. హులిగెమ్మను చూడడానికి నెలకోసారి పోయి వస్తాడు. తప్పు మోతది కాదు, తన చెవులదని ఆమెకు నిజం చెప్పాడట. ఆమె రెండుసార్లు మాట్లాడలేదు, మూడోసారి పోతే అన్నం పెట్టింది.

పొద్దున పది గంటలకు డోన్ బస్సు మా ముందు నుంచి పోతుంది. దాని సంగతి నాకన్నా ముందు కాశన్నకే తెలుస్తుంది. అరచెయ్యి బల్ల మీద ఆనించి, "వస్తాండాది" అంటాడు. అప్పటికి నాకు ఏమీ వినపడదు. కాసేపటికి మలుపు తిరిగి బస్సు కనిపిస్తుంది. గవాచి తెరిచే ఉంటుంది. ముందర నా పలక వాలి ఉంటుంది. ఎవరో కొత్త కుర్రవాడు తోలుతుంటాడు. లోపల మాట్లాడుకునేవి మా కొట్టం దాకా వినిపిస్తాయి.

పోయిందాకా చూసి కాశన్న నా మొహం వైపు తిరుగుతాడు.

"మోత వస్తాందా?"

"లేదు కాశన్నా" అంటాను, నోరు బాగా తెరిచి.

"జనం ఏమంటాండారు లోపల?"

దాటిపోయే బస్సులో నాకు దొరికేవి మాటల ముక్కలే. ఒక రోజు వాన గురించి, ఒక రోజు పెళ్ళి గురించి. దొరికినంత చెప్తాను. దొరకని రోజు ఏదో ఒకటి కల్పించి చెప్తాను. ఇన్నేళ్ళూ తన వెనక కూర్చున్న మనుషుల మాటలు అవి. నా పెదవుల మీద నుంచి చివరి దాకా చదువుకుని, మళ్ళీ ఉప్పు కాగితం అందుకుంటాడు.