గడ్డకట్టిన పొడి

ల్యాబ్ బల్లమీది కల్వంలో బూడిదరంగు పొడిని మూడోసారి నూరుతున్నాడు కల్వం బాబాయ్. భుజం కదలదు, మణికట్టు ఒక్కటే తిరుగుతుంది. బొటనవేలి గోట్లో ముప్పై ఏళ్ల నికెల్ నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. ఇన్నేళ్లు నూరిన పొడుల్లో ఒక్కటైనా కూరలోకి పనికొచ్చిందా అని భార్య దెప్పుతూనే ఉంటుంది.

ఆ పొడులు పనికొచ్చేది గొట్టాల్లోకి. కొలిమిలో కాగే గాజు గొట్టంలో చిటికెడు వేసి ఒక వాయువు పంపితే, అవతలి వైపు అది వేరే వాయువై వస్తుంది. పొడి మాత్రం ఖర్చవదు. సంబంధం కుదిర్చి పక్కకు తప్పుకునే పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. మంచి పొడి వేడికి తట్టుకుంటుంది. చెడ్డది గడ్డకట్టి చతికిలబడుతుంది. చతికిలబడ్డవే ఎక్కువ.

నెగ్గినవాటి గురించి పైవాళ్లు పత్రికల్లో రాసుకున్నారు. ఓడినవాటిని బాబాయ్ తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు: ఎంత వేడికి, ఎన్నో గంటకి, ఏ రంగుకి తిరిగిందో. అలా పదకొండు పుస్తకాలయ్యాయి. ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం ఆఖరు. బీరువా ఖాళీ చేయాలి గనక ఆ పుస్తకాలను చిత్తుకాగితాల సంచిలో పడేయమన్నాడు ల్యాబ్ పెద్దాయన.

అడ్డం పడింది కంప్యూటరమ్మ. పక్కగదిలో కూర్చుని, పొడి ముట్టకుండానే, ఏ అణువు ఏ లోహాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెరమీద లెక్కగట్టే అమ్మాయి. ఒక్కో లెక్కకి రోజులు పడుతున్నాయని, పాత ఫలితాలు చూసి క్షణంలో ఊహించడం కంప్యూటర్‌కే నేర్పింది. నేర్పినవన్నీ నెగ్గిన పొడులే. దాంతో అది ఏ పొడి చూపినా, విందుకొచ్చిన చుట్టంలా, భేష్ అనడం మొదలుపెట్టింది. ఓటమంటే ఏమిటో దానికెవరు చెప్పారు గనక. చివరికి బాబాయ్ పుస్తకాలు అడిగి, పదకొండూ ఎక్కించింది.

నిన్న కంప్యూటర్ తొలిసారి కాదంది. ఈ బూడిదరంగు పొడి రెండు గంటల్లోపే గడ్డకడుతుందంది. అది పెద్దాయన ఏరికోరి ఎంచిన పొడి. ఆయన నమ్మలేదు. ఈ రోజు పరీక్ష. గడ్డకడితే పుస్తకాలు అలమరలోకి, నిలబడితే సంచిలోకి అని ఆయనే తేల్చాడు.

బాబాయ్‌కి చిక్కొచ్చిపడింది. కాస్త బరకగా వదిలేస్తే చాలు, పొడి దానంతటదే చెడుతుంది. ఎవరికీ తెలియదు. చెయ్యి ఆపి, కిటికీలోంచి కాసేపు చూశాడు. తర్వాత నాలుగోసారి నూరడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఎందుకు బాబాయ్, మెత్తబడిందిగా?" గుమ్మంలోంచి అడిగింది కంప్యూటరమ్మ.

"చెడితే దాని గుణానికి చెడాలమ్మా. నా చేతికి కాదు."

పదకొండింటికి గొట్టం కొలిమి ఎక్కింది. మారి వస్తున్న వాయువు ఎంతో చూపే గీత గంటసేపు తెరమీద తాడు కట్టినట్టు నిలిచింది. పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. బాబాయ్ తుడిచిన బల్లనే తుడిచాడు. గంటా నలభై నిమిషాలకి గీత జారింది. ఇక లేవలేదు. బాబాయ్ గొట్టం చల్లార్చి బోర్లించి తట్టాడు. ఒక్క రేణువు రాలలేదు.

"గడ్డకట్టిందండీ," అని, నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు.

పెద్దాయన గొట్టాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు. తన పొడి ఓడినా ఆయనకీ నవ్వొచ్చింది. పొడి చెడితే పండగ చేసుకునే వాళ్లను ఇప్పుడే చూస్తున్నానని గొణుగుతూ, పుస్తకాలను తన చేత్తోనే అలమరలో సర్దాడు.

బాబాయ్ ఇంటికి ఫోన్ చేశాడు. "పొడి చెడిపోయిందే."

"మరి ఆ నవ్వెందుకు?"

"వచ్చి చెప్తాలే. రేపటినుంచి రోజంతా ఇంట్లోనేగా."

"అమ్మో, ఆ సంగతే మరిచిపోయాను."

అయిదింటికి కల్వం కడిగి బోర్లించి, తెల్లకోటు కొక్కేనికి తగిలించి, ఎప్పటిలాగే మెట్లు దిగి వెళ్లిపోయాడు. కంప్యూటరమ్మ బల్లమీద, పెన్నుల గ్లాసులో, పెన్నుల మధ్య ఆ గాజు గొట్టం నిలబడి ఉంది. దానిమీద అంటించిన చీటీలో వంకర అక్షరాలు: గంటా నలభై నిమిషాలు. తడిసిన బూడిద రంగు. బాగా నూరినదే.