మెత్తగా, ఇంకా మెత్తగా

“ఇంకాస్త మెత్తగా చెయ్యమ్మా, పిల్లకి గొంతులో అడ్డం పడుతుంది” అని వంటింటి గుమ్మంలోంచే చెప్పేసి అత్తగారు హాల్లోకి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటకి ఆమె, అప్పటికే మిక్సీలో తిప్పిన క్యారెట్ ముద్దని మళ్లీ జల్లెడలో వేసి గరిటెతో రుద్దడం మొదలుపెట్టింది. పిప్పి పైన మిగులుతోంది. మెత్తనిది చుక్కచుక్కగా కింద గిన్నెలోకి దిగుతోంది. చెప్పేవాళ్లకేం, నోటితో పోయింది. ఆమెకి మాత్రం నొప్పి మణికట్టు నుంచి భుజం దాకా పాకింది. ఒక పొయ్యి మీద పెద్దవాళ్ల కూర ఉడుకుతోంది, ఇంకో పొయ్యి మీద ఆపిల్ ముక్కలు ఆవిరికి మగ్గుతున్నాయి. అంతలో హాల్లోంచి భర్త గొంతు వినిపించింది. “ఎలాగూ వంటింట్లోనే ఉన్నావుగా, కాస్త కాఫీ పెట్టు.”

ఎలాగూ. ఈ ఇంట్లో తనకి పెట్టిన పేరు అదేనేమో అని ఆమెకి ఒక్కోసారి అనుమానం. ఎలాగూ లేస్తున్నావుగా, పాలు కాచెయ్. ఎలాగూ ఆ దారినే వస్తావుగా, ఇస్త్రీ బట్టలు తెచ్చెయ్. వినీ వినీ ఆమె కూడా తనతో తాను అలాగే మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. ఎలాగూ మెలకువ వచ్చింది కదా, బఠానీలు ఒలిచేద్దాం. ఎలాగూ ఆకలి చచ్చిపోయింది కదా, షాపులో పనికెళ్లాక తిందాం. షాపుకెళ్లాక తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

మొదట్లో పని ఇంత ఉండేది కాదు. సెలవు రోజున కూరగాయలూ పళ్లూ ఉడికించి, మెత్తగా చేసి, ఐసు ట్రేల్లో పోసి ఫ్రీజర్లో పెట్టేది. పూటకి రెండు గడ్డలు తీసి వేడి చేస్తే సరిపోయేది. ఒకరోజు భర్త చూసుకోకుండా, ఐసనుకుని గుమ్మడికాయ గడ్డలు తీసి స్నేహితుడి నిమ్మరసంలో వేసి ఇచ్చాడు. ఆ స్నేహితుడు మర్యాదస్తుడు, సగం తాగాకే అడిగాడు ఇదేం రుచి అని. “పరువు తీశావు” అన్నాడు భర్త ఆమెతో. వేసింది ఆయన, పరువు తీసింది ఆమె. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ రోజుతో ఐసు ట్రేలు అటకెక్కాయి. “ఫ్రిజ్జులో తిండికి బలమెక్కడిది, ఏ పూటకాపూట చెయ్యాలి” అని అత్తగారు తీర్పు చెప్పారు. ఆ తీర్పులో చెయ్యాల్సినవాళ్ల పేరు ఉండదు. ఎవరో అందరికీ తెలుసు కనుక.

ఇంత చేసినా ఏడాది నిండబోతున్న పిల్ల బరువు పెరగడం లేదు. అందరూ ముద్దుగా బుడంకాయ అని పిలుస్తారు గానీ, ఆ పిలుపుకి తగ్గ ఒళ్లు దానికి లేదు. పిల్లల డాక్టరమ్మ తూకం చూసి కనుబొమలు ముడిచింది. “సరిగ్గా తింటోందా?” అని అడిగింది ఆమె వైపు చూసి. “గిన్నె నాకేస్తుందండీ” అని అత్తగారు జవాబు చెప్పారు. నిజమే. మధ్యాహ్నం పూట మామగారు తినిపిస్తారు, సాయంత్రం ఆమె వచ్చేసరికి సింకులో గిన్నె అద్దంలా ఉంటుంది. “అయితే వచ్చే వారం మళ్లీ చూద్దాం” అంది డాక్టరమ్మ. బయటికొచ్చాక మెట్ల మీదే అత్తగారు అనేశారు. “తిండి లోపం కాదు. నీ చేతి వంట దాని ఒంటికి పట్టట్లేదు. కొందరి చేయి అంతే.” ఇంటికొచ్చి మామగారి ముందూ అదే మాట అన్నారు.

ఆ మాట ఆమెని వదలడం లేదు. చేయి అంటే ఏమిటి? గిన్నె ఖాళీ అవుతోంది, పిల్ల నిండడం లేదు. మరి ఆ క్యారెట్టూ ఆపిలూ ఏమవుతున్నట్టు? సాయంత్రం తను తినిపించబోతే బుడంకాయ మూతి బిగించేస్తుంది, చెంచాని తోసేస్తుంది. మధ్యాహ్నం మొత్తం తినే పిల్ల సాయంత్రం ఎందుకు తినదు? నేనంటే ఇష్టం లేదా? షాపుకెళ్లిపోతున్నానని కోపమా? అంత చిన్నపిల్లకి అంత కోపం ఉంటుందా? లేక నిజంగానే నా చేతిలో ఏదైనా ఉందా? చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్ముతానా అని తనని తానే తిట్టుకునేది. తిట్టుకుంటూనే మర్నాడు చేతులు మరోసారి కడుక్కుని, మరోసారి జల్లెడ పట్టేది. ఏం చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో ఆమెకే అంతుపట్టేది కాదు.

ఆమె పని కళ్లద్దాల షాపులో. వచ్చినవాళ్ల చీటీ చూసి, అద్దాన్ని మిషన్ మీద ఫ్రేముకి తగ్గట్టు అరగదీసి, బిగించి ఇవ్వాలి. ఆ పొద్దున క్యారెట్ రుద్ది షాపుకెళ్తే యజమాని ఆమె వేళ్లు చూశాడు. క్యారెట్ రంగు గోళ్ల చుట్టూ పట్టేసి, ఎంత తోమినా పోవడం లేదు. “ఏంటమ్మా ఆ చేతులు, కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారు, కౌంటర్ దగ్గరికి రాకు” అన్నాడు. ఇంట్లో బలం లేని చేతులు, షాపులో శుభ్రం లేని చేతులు. ఆమె వెనక గదిలోకి వెళ్లి కూర్చుంది. మధ్యాహ్నానికి ఒక పెద్దాయన కొత్త కళ్లద్దాలు పెట్టుకుని మెట్టు దిగబోయి తూలాడు. చూస్తే కుడి కంటి అద్దం ఎడమ వైపు, ఎడమది కుడి వైపు బిగించి ఉంది. ఇన్నేళ్ల పనిలో ఆమె చేయని తప్పు. యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది. “ఇంటికెళ్లి నిద్రపో తల్లీ. రేపు వచ్చాక మాట్లాడదాం” అన్నాడు.

తాళంచెవి తన దగ్గరే ఉంది కనుక చప్పుడు లేకుండా ఇంట్లోకి వచ్చింది. అత్తగారు గదిలో నిద్రపోతున్నారు. వంటింటి బల్ల దగ్గర మామగారు కుర్చీలో, బుడంకాయ తన ఎత్తు కుర్చీలో, ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన పూర్వం బడిలో డ్రాయింగు మాస్టారు. పై పళ్లన్నీ తీసేశారు. కట్టుడు పళ్లు చిగుళ్లకి ఒరుసుకుంటున్నాయని అవి ఎప్పుడూ గ్లాసులోనే ఉంటాయి. ఇప్పుడు ఆయన ముందు తన పళ్లెం ఉంది. అందులోంచి ఒక బంగాళాదుంప ముక్క తీసి, మంచినీళ్ల గ్లాసులో ముంచి, కారం పోయేదాకా కడిగి, వేళ్లతో చిదిమి చూసి పిల్ల చేతికిచ్చారు. పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని, కొత్తగా మొలిచిన పళ్లతో కొరికి, నమిలి, మింగి, ఇంకోదానికి చేయి చాచింది. ఆయన ఇంకోటి కడిగిచ్చారు. ఆ తర్వాత ఆయనే పిల్ల గిన్నెని దగ్గరికి లాక్కుని, జల్లెడ పట్టిన క్యారెట్‌ని చెంచాతో తిన్నారు. కళ్లు మూసుకుని, నెమ్మదిగా, అడుగు గీకి మరీ తిన్నారు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

“మామయ్యగారూ.”

ఆయన చెంచా కింద పెట్టారు. దొంగతనం చేస్తూ దొరికిన మనిషి మొహం అంత చిన్నదైపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“పిల్ల తినలేదమ్మా. మొదట్లో నాలుగు చెంచాలు తినేది, పళ్లొచ్చాక మెత్తనిది ఉమ్మేస్తోంది. మిగిలితే నువ్వు బాధపడతావని నేను తినేశాను. అలా మొదలైంది. తర్వాత... నమలలేకపోతున్నానమ్మా. మీ కూరలు మింగుతున్నానంతే. ఇది గొంతు దిగుతోంది. రుచిగా ఉంది.”

“అడగచ్చు కదా.”

“అడగందే అమ్మయినా పెట్టదంటారు, తెలుసు. పసిపిల్ల తిండి నాకూ పెట్టమని ఏ మొహం పెట్టుకుని అడగను? మీ అత్తయ్యకి చెప్పకమ్మా.”

పళ్లొస్తున్న పిల్లకి పిప్పి తీసిన తిండి, పళ్లు పోయిన ఆయనకి ముక్కల కూర. ఆ జల్లెడంతా దేనికి పట్టినట్టు? ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కోపగించుకోవాలా? పిల్ల నోటి దగ్గర ముద్ద తిన్నందుకు కాదు, పిల్లకి ముక్కలు కడిగి పెట్టే ఓపిక ఆయనకే ఉంది. ఆయన కళ్ల ముందే “నీ చేతి వంట” అంటుంటే నోరు మెదపనందుకు. మరి రుచిగా ఉందని ఆయన అన్నప్పుడు ఛాతీలో వెచ్చగా ఏదో కదిలిందే, అదేమిటి? పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఆ మాట అన్నవాళ్లు లేరు. చెప్తే ముసలాయన పరువు పోతుంది. చెప్పకపోతే, పిల్లకి చేయి చలవ లేని తల్లిగా తను మిగిలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె గుడ్డ తీసుకుని బల్ల తుడిచింది. ఎలాగూ అక్కడే ఉంది కదా.

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆమె పిల్లకి కొత్త ముద్ద తినిపించబోయింది, ఎప్పట్లాగే పిల్ల తోసేసింది. అత్తగారు నిట్టూర్చారు. “చూశావా? తాత చేత్తో తింటుంది, నీ చేత్తో తినదు. నేనన్నది అబద్ధం కాదు. ఆ చేతిలోనే ఉంది.”

ఆమె మామగారి వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఆయన బల్ల అంచుని గోటితో గీస్తూ కూర్చున్నారు. ఇంక లేవదు ఆ నోరు అనుకుని ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది.

“ఆ చేతినేం అనకు” అన్నారాయన తల ఎత్తకుండా. “మధ్యాహ్నాలు తింటున్నది పిల్ల కాదు, నేను.”

మొత్తం చెప్పారు, గ్లాసులో బంగాళాదుంప కడగడం కూడా. అత్తగారు మామగారి పళ్లెం వైపోసారి, పిల్ల గిన్నె వైపోసారి చూశారు. భర్త మాత్రం పకపకా నవ్వాడు.

“ఇంతేనా? దీనికింత రాద్ధాంతమా?” అని ఆమె వైపు తిరిగాడు. “పిల్లకి ముక్కలుగా చెయ్యి, నాన్నకి మెత్తగా చెయ్యి. ఎలాగూ చేస్తున్నావుగా.”

సరే అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దానికి అలవాటైన దారి అది. అక్కడే ఆగింది. పొద్దుట్నుంచి కడుపులో ఏదో మెలిపెడుతోంది, కోపమో, సిగ్గో, జాలో తేల్చుకోలేకపోతోంది. ఇప్పుడు, కూర వాసన మధ్య నిలబడి, అందులో సగమైనా ఏమిటో ఆమెకి తెలిసింది. ఎంత తేలిక విషయం, ఇంతసేపు పట్టింది.

గోడకున్న జల్లెడ తీసి భర్త ఒళ్లో పెట్టింది. క్యారెట్లూ పీలరూ తెచ్చి మామగారి ముందుంచింది. ఆయన పీలర్ చేతిలోకి తీసుకున్నారు. బుడంకాయని ఎత్తి అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి, కడిగిన బంగాళాదుంప ముక్కలు పక్కన పెట్టింది. అప్పుడు, పెళ్లయ్యాక ఆ బల్ల దగ్గర ఎన్నడూ అందరితో పాటు కూర్చుని ఎరగని మనిషి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మెత్తగానైనా సరే, ముక్కలుగానైనా సరే” అంది. “నాకూ ఒక గిన్నె పెట్టండి. నాకు ఆకలేస్తోంది.”