సొరుగులో ఉన్నవి

"టవలెక్కడ?" బాత్రూములోంచి ఆయన కేక.

"తలుపు వెనకే ఉందండీ" అన్నాను. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్లో నేను తయారు చేసిన ఆట. చిందరవందరగా పడున్న ఇంట్లో వస్తువుల్ని వేలితో లాగి సొరుగుల్లో సర్దాలి, అంతే. రెండు గదుల దాకా చక్కగా సాగుతుంది. మూడో గదిలో నత్తనడక. నాలుగో గదిలో బిగుసుకుపోతుంది.

ఆటలు కొనే కంపెనీ మేడమ్ మెత్తగానే చెప్పింది. "మాకు నచ్చిందండీ. కానీ పాత ఫోన్లలోనూ ఆగకుండా ఆడాలి. శుక్రవారం సాయంత్రంలోగా పంపండి, లేదంటే వేరేవాళ్ళది తీసుకుంటాం." ఇవాళే శుక్రవారం. పన్నెండేళ్ళ కాపురంలో ఇది నాది అని చెప్పుకోవడానికి ఒకటి దొరికింది, అదీ చేజారిపోయేలా ఉంది.

ఆయన ప్రోగ్రామర్. నాకు కోడ్ రాదు. బొమ్మల్నీ నియమాల్నీ తెరమీద లాగి అతికించే టూల్‌తో చేశాను. "అదంతా లక్కపిడతల వంట. నా ఫోన్లో బాగానే ఉందిగా, నీ ఫోన్ది తప్పు" అన్నారు మొదట. నా ఫోన్ అంటే నాలుగేళ్ళు వాడి ఆయన వదిలేసిందే. నిన్న మాత్రం జాలిపడ్డారు. "నీవల్ల కాదులే. ఇప్పటికి ఇలాగే పంపేద్దాం, తర్వాత నేను కోడ్‌లో తిరగరాస్తాను, ఇద్దరి పేర్లూ వేద్దాం." కంపెనీ ఫారం కూడా ఆయనే నింపారు. ముందు ఆయన పేరు, వెనకాల నాది.

మధ్యాహ్నం అంట్లు తోమి కూర్చున్నాను. ఏ బొమ్మ ఎంత పని చేస్తోందో చూపించే పట్టిక ఒకటుంది ఆ టూల్లో. విప్పి చూస్తే, ఫోన్ని నలిపేస్తున్నవన్నీ సొరుగుల్లో సర్దేసిన వస్తువులే! వాటిని కనబడకుండా దాచానే గానీ పని మాన్పించలేదు. దువ్వెన, చెంచా, తాళంచెవి, అన్నీ చీకట్లో కూర్చుని సెకనుకి అరవైసార్లు "నన్నెవరైనా ముట్టుకున్నారా?" అని చూసుకుంటూనే ఉన్నాయి. నాలుగో గదికి వచ్చేసరికి అలాంటివి రెండొందలు. తప్పు టూల్‌దీ కాదు, ఫోన్‌దీ కాదు, నాదే. కనబడకపోతే పని లేనట్టే అనుకున్నాను. "ఇంట్లో ఖాళీయేగా నీకు" అని మా అత్తగారు అన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయే నేను, అచ్చం ఆవిడలాగే అనుకున్నాను. సిగ్గేసింది, ఆ తర్వాత నవ్వొచ్చింది.

సొరుగులో పడిన వస్తువు ఇక ఏమీ చూసుకోనక్కర్లేదని ఒక్క నియమం అతికించాను. నాలుగో గది, ఐదో గది, ఆ ముసలి ఫోన్లోనే సాఫీగా నడిచాయి.

ఆయన గదిలోంచి వచ్చి ఆడి చూశారు. "ఏం చేశావ్?"

"సొరుగుల్లో ఉన్నవాటికి సెలవిచ్చాను."

"ఊఁ. సరే, ఫారం నింపే ఉందిగా, పంపెయ్" అంటూ వెళ్ళిపోయారు.

ఫారం తెరిచాను. ముందున్న పేరు తుడిచేశాను. నా పేరొక్కటే మిగిలింది. పంపేశాను.

"నా కళ్ళజోడెక్కడ?" లోపల్నుంచి కేక.

ఫ్రిజ్ మీదుంది, నాకు కనబడుతూనే ఉంది.

"వెతుక్కోండి" అన్నాను.