పన్నెండున్నర బస్సు

“ఊరికే బియ్యంలో రాళ్లేరుతాండావు గదా, అట్లే బస్సెక్కేటోళ్లను గూడా లెక్కపెట్టు. కండ్లకేం పని?” అన్నాడు గురునాథం. రాళ్లు ముక్కుతో ఏరుతారని ఆయన నమ్మకం కాబోలు!

రాజధాని కర్నూలుకొచ్చిన ఏడాది అది. ప్రొద్దుటూరులో ఓ బస్సు కంపెనీకి ఆయన టికెట్ల గుమాస్తా. ఏ ట్రిప్పుకు ఎందరెక్కుతున్నారో వారం రోజులు లెక్క తీయమని ఓనరు చెబితే, ఆ పనిని బస్టాండుకు ఎదురుగా ఉన్న తన ఇంటి కిటికీకీ, కిటికీలోని పెళ్లానికీ అప్పజెప్పాడు.

వేదవతి ముచ్చటపడే లెక్కపెట్టింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఉప్పూ కారం కాకుండా ఇంకో సంగతి ఆమెను అడగడం అదే మొదలు. పొద్దున ఏడింటి జమ్మలమడుగు బస్సుకు అరవై రెండు మంది. టాపు మీద పంచెలు ఎగురుతుంటాయి. సాయంత్రం ఆరింటికీ అంతే. నడుమ పన్నెండున్నర బస్సుకు పదకొండు. పదకొండూ ఆడవాళ్లే. మగవాళ్ల బస్సు వేళకు వంట కావాలి. ఆడవాళ్లు వంటయ్యాక మిగిలిన వేళకు బస్సెక్కాలి. బిడ్డనెత్తుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి పోయే లాల్‌బీ వాళ్లలో ఒకతె. శుక్రవారం మాత్రం వేదవతితో కలిపి పన్నెండు. జమ్మలమడుగులో మంచం పట్టిన తల్లికి ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, పొయ్యి వేళకు ఐదింటి బస్సులో తిరిగొచ్చేది. ఏ పూట భోజనానికీ అడ్డం రాదు గనుకనే ఆ సెలవు.

ఎనిమిదో రోజు గురునాథం నవ్వుతూ వచ్చాడు. “నీ లెక్క శానా బాగుందన్నాడే ఓనరు! పన్నెండున్నర ట్రిప్పు ఎత్తేసినాము.”

“మరి మాయమ్మ దగ్గరికి?”

“పొద్దున బస్సుంది, సాయంత్రం బస్సుంది.”

“వంట ఎవురు చేస్తారు?”

“అందుకే ఇంట్లో ఉండు. మీయమ్మ యాడికన్నా పోతాదా? మంచంలోనే గదా ఉండేది!” తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు.

రెండు శుక్రవారాలు గడిచాయి. మూడో వారం లాల్‌బీ కిటికీ దగ్గర నిలబడింది. “అక్కా, పొద్దున బస్సులోనే తోసుకోని ఆసుపత్రికి పోయి, వస్తా మీయమ్మను చూసినా. వీపంతా పుండ్లు. నన్ను నువ్వనుకోని చెయ్యి పట్టుకున్యాది. ఇడిపిచ్చుకోని వచ్చేసరికి నా పానం పోయింది.”

మర్నాడు పొద్దున ఏడింటికి, టికెట్ల గూట్లోకి మగచేతుల మధ్య నుంచి ఒక గాజుల చెయ్యి దూరింది.

“యాడికి?” తలెత్తకుండానే అడిగాడు గురునాథం.

“జమ్మలమడుగుకు.”

గొంతు విని తలెత్తాడు. “వంట?”

“పొయ్యి ముట్టించలేదు.”

“తొందరగా కొట్టప్పా, బస్సు పోతాది!” వెనక నుంచి ఎవరో అరిచారు.

నలుగురిలో అరవలేక గొంతు తగ్గించాడు గురునాథం. “సాయంత్రం ఏ బస్సుకొస్తావు?”

“పోయేదానికే కొట్టండి,” అంది వేదవతి.