కట్టేదీ, కట్టయ్యేదీ

కారంపూడి బ్రహ్మయ్యకు తెలియని విషయం లేదు. మిరపకు ఏ మందు కొట్టాలో, పత్తికి ఏ మందు కొట్టకూడదో, ఎవరింటి గుమ్మం వాస్తుకు అడ్డమో, వచ్చే ఎన్నికల్లో ఎవరికి టిక్కెట్టు రాదో, అన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. తెలియనిదల్లా ఒక్కటే, తన ఎడమ చెవి సరిగ్గా పనిచెయ్యదని. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఫోను మాత్రం ఆయన ఆ చెవికే పెట్టుకుంటాడు. కుడిచెయ్యి గాల్లో ఊపకుండా మాట్లాడటం ఆయన వల్ల కాదు మరి.

ఇంతటి మనిషికి ఈ మధ్య ఒక బలహీనత పట్టుకుంది. దాని వయసు రెండున్నర నెలలు. కూతురు భవ్య మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల తాత కుడిచేతి చూపుడువేలు పట్టుకుంటే గానీ నిద్రపోదు. వేలు లాక్కుంటే లేచి ఇల్లు ఎగరగొడుతుంది. దాంతో ఊరికి సలహాలిచ్చే పెద్దమనిషి రోజుకు మూడు గంటలు కదలకుండా, నోరు మెదపకుండా ఉయ్యాల పక్కన కూర్చోవటం నేర్చుకున్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో మల్లీశ్వరి సాధించలేకపోయింది అదే.

కాన్పుకు వచ్చిన పిల్లను మూడో నెలలో పంపాలి, లేదంటే ఐదో నెలలో. ఐదో నెల దాకా ఉంచమని బ్రహ్మయ్య పట్టు. చిలకలూరిపేటలో ఉండే వియ్యపురాలు మహాలక్ష్మమ్మ కాదనలేదు, ఒక్క మాట మాత్రం అన్నది.

"ఉంచుకోండన్నయ్యగారూ, మీ బిడ్డే. కానీ మీ ఊళ్ళో కరెంటు పోతే ఎప్పుడొచ్చిద్దో దేవుడికే తెలవాలి. రోహిణి కార్తెలో నాపరాళ్ళ ఇంట్లో చంటిపిల్ల ఉడికిపోద్ది. కరెంటు ఉంటే పిల్ల మీ దగ్గరుండిద్ది. లేదంటే నేనే వచ్చి తీసుకుపోతా."

అప్పుడు బ్రహ్మయ్య ఇంట్లో ఇన్వర్టరు లేకపోలేదు. బ్యాటరీతో సహా నిక్షేపంగా పనిచేస్తూ ఉంది. అయితే ఉన్నదానితో సరిపెట్టుకుంటే ఆయన బ్రహ్మయ్య ఎందుకవుతాడు? నరసరావుపేట నుంచి హర్ష అనే సోలార్ కాంట్రాక్టరును పిలిపించాడు.

హర్ష బీటెక్ చదివినవాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, నోట్లో "బాబాయ్". డాబా కొలుస్తూ బాబాయ్, సబ్సిడీ కాగితాల మీద సంతకాలు పెట్టిస్తూ బాబాయ్, మల్లీశ్వరి పెట్టిన పెసరట్టు తింటూ బాబాయ్. కాంట్రాక్టరు నోట్లో బాబాయ్ అన్న మాట ఉన్నంతకాలం పని మిగిలి ఉందని అర్థం. అది "సార్"గా మారిననాడు మన పని అయిపోయినట్టే.

సోలారు ప్లేట్లు డాబా ఎక్కాయి. మల్లీశ్వరి ఒక్కో ప్లేటుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడితే, వెలుతురు ఆగుతుందని హర్ష వెనకాలే గుడ్డతో తుడుచుకుంటూ పోయాడు. కొత్త మీటరు బిగించిన సాయంత్రం బండి మీద పోతూ పోతూ అతను బ్రహ్మయ్య ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. బ్రహ్మయ్య దాన్ని ఎడమ చెవికి పెట్టుకుని విన్నాడు. విని, కుడిచెయ్యి గాల్లోకి లేపి, "ఏమే! విన్నావా? ఇక మనకు కరెంటు కట్టయ్యేదే ఉండదంట!" అని ఇల్లు అదిరిపోయేలా అరిచాడు. మహాలక్ష్మమ్మకు అప్పటికప్పుడే ఫోను చేసి అదే మాట చెప్పాడు. "వచ్చే గురువారం వచ్చి కళ్ళారా చూసుకో చెల్లెమ్మా" అని కూడా అన్నాడు. ఇది ఎవరూ అడగలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు పొద్దున నలుగురినీ పిలిచి, ఇంట్లో ఉన్న ఇన్వర్టరును బ్యాటరీతో సహా పక్కింటి ఏలియా మేష్టారికి దానం చేశాడు. ఏలియా తెలుగు పంతులుగా రిటైరైనవాడు. ఆయన వద్దు వద్దన్నా వినలేదు. "తీసుకోండి మేష్టారూ. సూర్యుడే నా ఇంట్లో కాపురం పెట్టినాక నాకెందుకీ డొక్కు? ఇచ్చింది తిరిగి తీసుకునే వంశం కాదు మాది" అని ఉపన్యాసం కూడా ఇచ్చాడు. మరిచిపోయిన నిచ్చెన తీసుకుపోదామని వచ్చిన హర్ష అక్కడే నిలబడి చప్పట్లు కొట్టాడు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, రోళ్ళు పగిలే ఎండలో, కరెంటు పోయింది.

బ్రహ్మయ్య చిరునవ్వుతో ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను నెమ్మదించింది. సోలారు అందుకోవటానికి కొంచెం టైము పడుతుందేమోననుకున్నాడు. ఫ్యాను ఆగిపోయింది. డాబా మీదికి పరుగెత్తాడు. పైన సూర్యుడు ధగధగలాడుతున్నాడు, ప్లేట్లు ధగధగలాడుతున్నాయి. కింద పాప ఏడుపు లంకించుకుంది. గోడ అవతల ఏలియా ఇంట్లో ఫ్యాను గిరగిరా తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్య ఇన్వర్టరు కీచుమంటున్న చప్పుడు. ఆ కీచుమనటం బ్రహ్మయ్యకు బాగా ఎరుక. తాను పెంచిన కుక్క పక్కింట్లో కూర్చుని తన మీద మొరుగుతున్నట్టు అనిపించింది ఆయనకు.

రెండు గంటల తర్వాత కరెంటు వచ్చేసరికి పాప మెడ మీద చెమటకాయలు లేచాయి. మల్లీశ్వరి మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. గిన్నెలు మాత్రం చానా గట్టిగా తోమింది.

మంగళవారం పొద్దున్నే హర్ష వచ్చాడు. రావటం రావటమే "ఏమైంది సార్?" అన్నాడు. బ్రహ్మయ్య ఆ మాటనే పట్టుకున్నాడు.

"సారా? నిన్నటిదాకా బాబాయ్‌నిగదరా! కరెంటు కట్టయ్యేదే ఉండదంటివి. రెండు గంటలు పోయింది. ఏందిది?"

"నేను అట్టా అన్లేదు సార్. కరెంటు కట్టేదే ఉండదన్నా. అంటే బిల్లు. మీరిక బిల్లు కట్టే పనే లేదని."

"బిల్లు ఎవడు అడిగాడు? మరి ఈ ప్లేట్లు ఎందుకు?"

హర్ష ఓపిగ్గా చెప్పాడు. లైన్లో కరెంటు ఉంటేనే ఈ సోలారు పనిచేస్తుందట. లైన్లో పోతే ఇదీ దానంతట అదే ఆగాలట. లేకపోతే ఇంటి కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుందట.

"అంటే," అన్నాడు బ్రహ్మయ్య, రెండు చేతులూ ఊపుతూ, "ఇల్లు నాది, డాబా నాది, ఎండ నాది. అయినా కరెంటాఫీసోడు ఊ అంటే గానీ నా ఇంట్లో సూర్యుడు పొడవడన్నమాట!"

"టెక్నికల్‌గా అంతే సార్."

బ్రహ్మయ్య హర్ష బండి తాళం లాక్కుని బొడ్లో దోపుకున్నాడు. వసారాలో పంచాయితీ మొదలైంది. వెనకటికి కోడిపందెం దగ్గర మొదలైన తగువు ఈ కారంపూడిలోనే యుద్ధం దాకా పోయిందంటారు. ఈసారి కోడి కూడా లేదు, ఒక్క మాట. ఆ మాట ఫోన్లో భద్రంగా ఉంది. పది మంది చుట్టూ మూగారు. మెసేజ్ పెట్టారు. బండి చప్పుడు, గాలి హోరు, ఎక్కడో లారీ హారను, వాటి మధ్య హర్ష గొంతు: "బాబాయ్, రేపట్నుంచి మీకు కరెంటు క...ట్...దే ఉండదు!"

మళ్ళీ పెట్టారు. ఏడుసార్లు పెట్టారు. బ్రహ్మయ్య పార్టీవాళ్ళకు "కట్టయ్యేదే" అని వినిపించింది. అవతలి పార్టీవాళ్ళకు "కట్టేదే" అని వినిపించింది. ఏ పార్టీలోనూ లేని ఒకాయనకు లారీ హారను మాత్రమే వినిపించింది. ఆయన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చివరికి తెలుగు పంతులు ఉండగా మనకెందుకు తంటా అని ఏలియాను పిలిచారు. ఆయన ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పద్యం వింటున్నవాడిలా తల ఊపుతూ విన్నాడు.

"బ్రహ్మయ్యన్నా, అన్నది 'కట్టేదే'. మధ్యలో ఉన్నది బండి చప్పుడు. 'అయ్యేది' కాదు."

"మేష్టారూ! నా ఇన్వర్టరు గాలి కింద కూర్చుని నా మీదే తీర్పు చెప్తారా?"

"గాలి మీదే అన్నా, కాదన్లేదు. మాట మాత్రం అతనిదే." ఏలియా హర్ష వైపు తిరిగాడు. "నీ మాట రైటే నాయనా. మరి ఆయన ఇన్వర్టరు ఇచ్చేస్తుంటే చూస్తూ నిలబడ్డావే. దాని అవసరం పడిద్దని నీకు తెలవదూ?"

హర్ష నేల చూపులు చూశాడు. "తెలుసు సార్. కానీ దానం చేసే మనిషిని ఆపితే పాపమని..."

"అందుకని చప్పట్లు కొట్టావు."

హర్ష బ్యాటరీతో నడిచే వేరే పెట్టె పెడతానని, నెల రోజులు పడుతుందని గొణిగాడు. గురువారానికి మధ్యన ఉన్నది ఒక్క రోజు.

జనం పలచబడ్డాక మల్లీశ్వరి మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. "పోయి మేష్టారిని ఆ ఇన్వర్టరు అడుగు."

"నలుగురిలో ఇచ్చి, నాలుగు రోజులు కాకముందే అడగనా? పరువు ఏం కాను?"

"పరువును ఎత్తుకుని ఆడిచ్చుకో అయితే. పిల్లను ఎల్లుండి తీసుకుపోతారు." బ్రహ్మయ్య కుర్చీలోంచి కదల్లేదు.

కదిలింది మల్లీశ్వరే. గోడ దగ్గరికి పోయి ఏలియా భార్య మార్తమ్మను పిలిచింది. ఆమె మొత్తం వినకముందే, "ఎత్తుకుపోండొదినా, మోసేదానికి మనుషులున్నారా?" అన్నది. మోయించుకుపోతే వీధంతా చూస్తుంది, బ్రహ్మయ్య తలెత్తుకోలేడు. అందుకని మార్తమ్మే ఇంకో దారి చెప్పింది. ఇన్వర్టరు ఉన్నచోటే ఉంటుంది. అక్కడి నుంచి ఒక వైరు గోడ మీదుగా పాప గదిలోకి వస్తుంది, ఒక టేబుల్ ఫ్యానుకు. ఆ వైరు లాగింది హర్షే. బీటెక్ చదువంతా పెట్టి, ఎక్కడా వేలాడకుండా శ్రద్ధగా లాగి, బండి తాళం తీసుకుని పోయాడు. తర్వాత రెండు రోజులూ బ్రహ్మయ్య ఇంట్లో అన్ని గోడలనూ చూశాడు గానీ ఆ వైరున్న గోడ వైపు కన్నెత్తి చూడలేదు.

గురువారం మహాలక్ష్మమ్మ వచ్చింది. డాబా ఎక్కి ప్లేట్లు చూసింది, దిగొచ్చి భోంచేసింది, పాప గదిలో మంచం మీద నడుం వాల్చింది. బ్రహ్మయ్య ఉయ్యాల పక్కన కూర్చున్నాడు, వేలు పాప గుప్పిట్లో పెట్టి. లోలోపల తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఒంటిగంటన్నరకు కరెంటు పోయింది. దేవుళ్ళు కూడా భోజనాలకు పోయి ఉంటారు.

పైన ఫ్యాను ఆగింది. హాల్లో ఫ్యాను ఆగింది. ఫ్రిజ్జు గుర్రుమని ఆగింది. పాప పక్కన టేబుల్ ఫ్యాను ఒక్కటీ హాయిగా తిరుగుతూ ఉంది.

మహాలక్ష్మమ్మ లేచి కూర్చుంది. "సోలారుకి పై ఫ్యాను కనపడలేదా అన్నయ్యగారూ?"

"అంటే... సోలారు ముందు చంటిపిల్లలకు ఇచ్చిద్ది చెల్లెమ్మా. తర్వాతే పెద్దోళ్ళకి."

"ఎంత తెలివైంది!" అన్నది మహాలక్ష్మమ్మ. మంచం దిగి, టేబుల్ ఫ్యాను వైరును రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, దాని వెంటే నడిచింది. వైరు కిటికీ దాటింది, గోడ ఎక్కింది, అవతల ఏలియా ఇంటి కిటికీలోకి దూరింది. అదే అదనుగా అవతల ఇన్వర్టరు కీచుమన్నది. ఆమె వెనక్కి తిరిగింది. "మీ సూర్యుడు పక్కింట్లో ఉంటాడా?"

బ్రహ్మయ్య దగ్గర అప్పటికే మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. కానీ కుడిచెయ్యి లేవలేదు. వేలు పాప పట్టుకుని ఉంది. చెయ్యి ఊపకుండా అబద్ధం చెప్పటం ఆయనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు లేదు. పాప మొహంలోకి చూశాడు. మెడ మీద చెమటకాయలు మానుతున్నాయి.

"మేష్టారింటి కరెంటమ్మా," అన్నాడు మెల్లగా. "నేనిచ్చిన ఇన్వర్టరే. ఆ హర్ష ఒకటి చెప్తే నేనింకోటి విన్నా. నాకు... ఎడం చెవి సరిగ్గా వినపడదు. పిల్లను తీసుకుపోతానంటే తీసుకుపో. నేనేమీ అనలేను."

గుమ్మంలో మల్లీశ్వరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి నోట ఆ చెవి మాట వినటం ఆమెకు అదే మొదటిసారి.

మహాలక్ష్మమ్మ గదిలోకి వచ్చి, ఉయ్యాల చుట్టూ తిరిగి, బ్రహ్మయ్య కుడి చెవి వైపు నిలబడింది. ఆ సంగతి చిలకలూరిపేట దాకా ఎప్పుడో చేరిందన్నమాట.

"ఐదో నెల దాకా ఉంచుకోండన్నయ్యగారూ. పిల్లకి గాలి ఆడుతుంది, నాకదే కావాల్సింది. ఆ పైన ప్లేట్లు ఉంచుతారో పీకుతారో మీ ఇష్టం. ఈ వైరు మాత్రం తియ్యమాకండి."

గోడ అవతల నుంచి ఏలియా గొంతు గట్టిగా వినిపించింది. "అన్నా! 'తియ్యమాకండి' అన్నది. వినపడిందా, విడగొట్టి చెప్పనా?"

"వినపడింది మేష్టారూ," అన్నాడు బ్రహ్మయ్య, ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినని మెత్తని గొంతుతో. "అరవమాకండి. పాప లేచిద్ది."